పాయింట్లు ఎక్కడ వాడితే గిట్టుబాటు?

ఎయిర్‌లైన్, బ్యాంకు కార్డు ఇచ్చే పాయింట్లతో తీసుకున్న విమానం టికెట్‌ని ‘ఫ్రీ టికెట్’ అనుకోవడం దగ్గరే నష్టం మొదలవుతుంది. ఫ్రీ అనుకున్నదాన్ని ఎవరూ బేరం ఆడరు కదా. కొందరు ఇంకా మంచి అవకాశం వస్తుందని ఏళ్ల తరబడి దాచుకుంటారు. ఈలోగా అదే సీటుకి కావలసిన పాయింట్లు పెరిగిపోతాయి. పాయింట్లకు వడ్డీ రాదు, విలువ తరగడమే తప్ప. అమెరికా ఎయిర్‌లైన్స్ డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఫలానా ప్రాంతం నుంచి ఫలానా ప్రాంతానికి ఇన్ని మైళ్లు (ఎయిర్‌లైన్ పాయింట్లని ఇలాగే అంటారు) అని చెప్పే పట్టికలనే తీసేశాయి. ఇప్పుడు వాటిలో అవార్డు టికెట్ (పాయింట్లతో తీసుకునే టికెట్) ధర కూడా గిరాకీని బట్టి మారుతుంది. అందుకే బుక్ చేసే ప్రతిసారీ రెండు నిమిషాలు లెక్క వేయాలి.

లెక్క ఇదీ. టికెట్‌ని డబ్బు పెట్టి కొంటే ఎంతో చూడండి. అందులోంచి, అవార్డు టికెట్‌కి మీరు ఎలాగూ చేతి నుంచి కట్టాల్సిన పన్నులు, సర్‌చార్జీలు తీసేయండి. మిగిలినదాన్ని కావలసిన పాయింట్లతో భాగించండి. కరెన్సీ ఏదైనా పద్ధతి ఒకటే. ఎకానమీ టికెట్ 30,000 అనుకుందాం. పాయింట్లతో అయితే 25,000 పాయింట్లు, పైన 6,000 పన్నులు. అంటే 24,000ని 25,000తో భాగించాలి. పాయింటుకి 0.96 వచ్చింది. డబ్బుతో కొంటే ఆ ప్రయాణానికి 1,500 మైళ్లు జమయ్యేవి, అవార్డు టికెట్‌కి సాధారణంగా కావు. వాటినీ ఖర్చులో కలిపి 26,500తో భాగిస్తే 0.91. ఇదీ అసలు విలువ.

అదే రూట్‌లో బిజినెస్ క్లాస్ 1,20,000 ఉందనుకోండి. పాయింట్లతో 60,000, పైన 18,000 పన్నులు. లెక్క వేస్తే 1.7 వస్తుంది, చూడగానే మనసు అటే లాగుతుంది. కానీ ఆ సీటుకి మీరు జేబులోంచి 1,20,000 పెట్టేవారా? మహా అయితే 54,000 పెడతాను అనుకుంటే, 18,000 పోగా 36,000. దాన్ని 60,000తో భాగిస్తే 0.6 మాత్రమే. మీ వరకు ఎకానమీయే లాభం. నిద్రపోతూ వెళ్లడం మీకు నిజంగా అంత విలువైనదైతే బిజినెస్ తీసుకోండి, తప్పేం లేదు. మోసపోయేది కంపెనీ రాసిన ధరని మన విలువ అనుకున్నప్పుడే. ఎకానమీలోనూ ఇదే జాగ్రత్త కావాలి: అదే రోజు వేరే ఎయిర్‌లైన్ 22,000కే తీసుకెళ్తుంటే, మీరు అందులో ఎక్కడానికి సిద్ధమైతే, లెక్కలో 30,000 కాదు, 22,000 వేయాలి.

ముందుగా మీ పాయింట్లకు ఒక కనీస ధర పెట్టుకోండి. బ్యాంకు పాయింట్లయితే కార్డు బిల్లులో తగ్గించుకునే వీలుంటే, ఒక్కో పాయింటుకి ఎంత తగ్గుతుందో అదే మీ కనీసం. దానికంటే తక్కువ వచ్చే చోట డబ్బే కట్టేయండి. షాపింగ్ కేటలాగ్‌లో వస్తువులు చాలావరకు ఈ గీత కిందే ఉంటాయి.

సర్‌చార్జీ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. ఒకే విమానం, ఒకే సీటు, కానీ ఏ ఎయిర్‌లైన్ ప్రోగ్రామ్ (మైళ్లు ఇచ్చే పథకం) మైళ్లతో బుక్ చేశారన్నదాన్ని బట్టి చేతి నుంచి కట్టేది మారిపోతుంది. లుఫ్తాన్సా విమానాన్ని వాళ్ల సొంత మైల్స్ అండ్ మోర్‌లో తీసుకుంటే ఎయిర్‌లైన్ సర్‌చార్జీ పడుతుంది. అదే విమానాన్ని యునైటెడ్ మైలేజ్‌ప్లస్ మైళ్లతో తీసుకుంటే ఆ సర్‌చార్జీ ఉండదు. రెండూ స్టార్ అలయన్స్‌లోనివే, అంటే ఒకరి మైళ్లతో ఇంకొకరి విమానం ఎక్కనిచ్చే ఎయిర్‌లైన్స్ కూటమి. అందుకని ఎక్కబోయే విమానం ఎవరిదో ముందు చూసి, ఆ అలయన్స్‌లోని రెండు మూడు ప్రోగ్రామ్‌లలో అదే సీటుకి ధర పోల్చండి. చివరి పేమెంట్ పేజీ దాకా వెళ్తేనే పన్నుల మొత్తం కనబడుతుంది.

బ్యాంకు పాయింట్లను ఎయిర్‌లైన్‌కి మార్చడం చివరి మెట్టు, మొదటిది కాదు. ఒకసారి మారిస్తే సాధారణంగా వెనక్కి రావు. కొన్ని వెంటనే జమవుతాయి, కొన్నిటికి రోజులు పడుతుంది, ఈలోగా సీటు ఎవరో తీసుకుపోతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పార్ట్‌నర్ విమానం (అదే అలయన్స్‌లోని వేరే ఎయిర్‌లైన్‌ది) సీటు వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది గానీ బుక్ చేయబోతే ఎర్రర్ వస్తుంది. అందుకే మార్చేముందు అదే అలయన్స్‌లోని ఇంకో ప్రోగ్రామ్‌లోనూ ఆ సీటు కనిపిస్తోందేమో చూడండి, లేదా కాల్ సెంటర్‌ని అడగండి. సీటు ఖాయంగా ఉందని తేలాకే, కావలసినన్ని మాత్రమే మార్చండి.

హోటల్ పాయింట్లను మైళ్లుగా మార్చడం చాలాసార్లు దండగే. మారియట్‌లో ఎక్కువ ఎయిర్‌లైన్స్‌కి 3 పాయింట్లకు 1 మైలు. 60,000 ఒకేసారి మారిస్తే చాలావాటిలో 5,000 బోనస్ కలిసి 25,000 మైళ్లు వస్తాయి. ఏదో ఒక టికెట్‌కి కొద్దిపాటి మైళ్లు తక్కువ పడినప్పుడే ఈ దారి పట్టండి. హోటల్ పాయింట్లు హోటల్‌లోనే బాగా పలుకుతాయి. మారియట్‌లో వరుసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే నాలుగింటికే కట్టాలి. కాబట్టి నాలుగు రాత్రుల ప్రయాణమైతే ఐదో రాత్రి కలుపుకోవచ్చేమో చూడండి. నగదు ధరతో పోల్చేటప్పుడు గది రేటుకి పన్నులు, రిసార్ట్ ఫీజు (కొన్ని హోటళ్లు గది రేటుకి పైన వేసేది) కలిపి చూడండి. పూర్తిగా పాయింట్లతో ఉంటే హిల్టన్, హయత్ ఆ ఫీజు తీసుకోవు.

గడువు రెండు రకాలు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్లు 24 నెలలపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పోతాయి. చిన్న లావాదేవీ ఒకటి చేస్తే గడువు మళ్లీ మొదటికొస్తుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లు అలా కాదు, జమైన 36 నెలలకు పోతాయి, మధ్యలో ఎన్ని లావాదేవీలు చేసినా సరే. విలువ దాదాపు సమానమైతే, గడువు దగ్గరపడ్డవాటినే ముందు వాడండి.

టికెట్ బుక్ అయ్యాక పీఎన్‌ఆర్ చూసి ఊరుకోకండి. 13 అంకెల ఈ-టికెట్ నంబరు వచ్చిందా చూడండి. అది లేకపోతే సీటు రిజర్వ్ అయిందే గానీ టికెట్ ఇంకా ఇష్యూ కాలేదు. పార్ట్‌నర్ విమానాల్లో ఇది ఎక్కువ. మరుసటి రోజుకీ నంబరు రాకపోతే మీరు ఎవరి మైళ్లు వాడారో ఆ ఎయిర్‌లైన్‌కే ఫోన్ చేయండి, విమానం నడిపేవాళ్లకి కాదు.