ఓటీటీ చందా కట్టిన రోజే ఆటోపే ఆపేయండి

ఏదో ఒక్క సినిమా కోసమో ఐపీఎల్ కోసమో ఓటీటీ చందా కట్టి, అది అయిపోయాక ఆ యాప్ మొహం కూడా చూడకుండా నెలనెలా డబ్బు పోగొట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. దీనికి నేను చెప్పేది ఒకటే, చందా కట్టిన రోజే ఆటోపే, అంటే గడువు అయిన ప్రతిసారీ డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, ఆపేయండి. ఆపితే చూడటం కూడా ఆగిపోతుందేమోనని చాలామందికి భయం, మామూలుగా అలా జరగదు, కట్టిన గడువు అయ్యేదాకా హాయిగా చూసుకోవచ్చు. ట్రయల్ విషయంలో మాత్రం కొన్ని యాప్‌లు ఆపిన వెంటనే తీసేస్తాయి, కాబట్టి క్యాన్సిల్ నొక్కే ముందు అక్కడ ఏం రాసుందో చదవండి.

ముందుగా తెలియాల్సింది, ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్ ద్వారా కట్టుంటే ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్, అందులో సబ్‌స్క్రిప్షన్స్‌కి వెళ్లి ఆపాలి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. నేరుగా యూపీఐతో కట్టుంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో ప్రొఫైల్‌లోకి వెళ్తే ఆటోపే కనిపిస్తుంది, అక్కడ ఒక్కో అనుమతినీ తెరిచి రద్దు చేసి యూపీఐ పిన్ కొట్టాలి. రెండు మూడు యూపీఐ యాప్‌లు వాడేవాళ్లు అన్నిట్లోనూ చూసుకోండి. కార్డు మీద పెట్టుంటే రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ రావాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలు కూడా ఇవ్వాలి. ఆ మెసేజ్‌ని ప్రకటన అనుకుని చెరిపేయకండి.

ఇక అసలు జాగ్రత్త పడాల్సింది ఒక్క రూపాయి ట్రయల్స్ దగ్గర. రూపాయే కదా అని పిన్ కొట్టేస్తాం, కానీ పిన్ అడిగే ముందు వచ్చే స్క్రీన్ చూడండి, గరిష్ఠంగా ఎంత లాగొచ్చు, ఎన్నాళ్లకోసారి లాగొచ్చు, ఏ తేదీ దాకా లాగొచ్చు, మూడూ అక్కడే ఉంటాయి. పైన పెద్ద అక్షరాల్లో రూపాయి అని ఉన్నా, గరిష్ఠ మొత్తం కొన్ని వందలుండొచ్చు, చివరి తేదీ ఏళ్ల తర్వాతదై ఉండొచ్చు. మీరు ఒప్పుకుంటున్నది ఆ పెద్ద మొత్తానికి.

ఏడాది ప్లాన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను, రోజూ సీరియళ్లు చూసే ఇంటికి తప్ప మిగతావాళ్లకి దండగ. ఈ నెల ఒక ఓటీటీ, వచ్చే నెల ఇంకోటి అని తిప్పుకుంటే ఖర్చూ తగ్గుతుంది, చూడాలనుకున్నవి నిజంగా చూస్తాం కూడా. ఐపీఎల్ ఉండేదే రెండు నెలలు, దానికోసం ఏడాదికి కట్టే ముందు మూడు నెలల ప్లాన్ ఉందేమో చూడండి.

యాప్‌లు తయారుచేసేవాళ్లకి ఒక ఐడియా. డబ్బు కట్టేటప్పుడే 'ఈ ఒక్క నెలకే' అని ఒక టిక్ పెట్టండి. రెండు నెలలు యాప్ తెరవకపోతే, డబ్బు తీసుకునే ముందు 'ఇంకా కావాలా?' అని తెలుగులో అడగండి. ఇలా నిజాయితీగా అడిగే కంపెనీ దగ్గరికి నేనైతే మళ్లీ మళ్లీ వెళ్తాను.

మీ ఫోన్ అయ్యాక అమ్మానాన్నల ఫోన్లు కూడా తీసి చూడండి. బ్యాంకు మెసేజ్‌లు ఎక్కువగా ఇంగ్లిష్‌లో వస్తాయి, వాళ్లు చదవరు, భక్తి పాటల యాప్ అనో జాతకాల యాప్ అనో ఎక్కడో నొక్కి ఉంటారు. కోప్పడకుండా పక్కన కూర్చుని ఆ ఆటోపే స్క్రీన్ ఒకసారి చూపించండి, తర్వాత వాళ్లే చూసుకుంటారు.

ఆపే బటన్ దాచేసి తిప్పలు పెట్టే యాప్ తగిలితే ఊరుకోవద్దు. చందా ఆపడం కష్టం చేసి కట్టిపడేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో డార్క్ ప్యాటర్న్‌గా, అంటే వాడేవాళ్లని మాయచేసే పద్ధతిగా చేర్చి నిషేధించింది. ముందు ఆ యాప్ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే స్క్రీన్‌షాట్లు, డబ్బు కట్ అయిన మెసేజ్ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.