వీడియో కన్నా ముందు లెక్క

ఇంటర్ అయి ఏళ్లు గడిచాక ఖాన్ అకాడమీ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో కాలేజ్ ఆల్జీబ్రా మొదలుపెట్టేవాళ్లు మొదటి వీడియో నుంచి వరసగా చూడకండి. ముందు కోర్స్ ఛాలెంజ్, అంటే కోర్సు మొత్తం మీద ఉండే టెస్ట్, రాయండి. ఏది వచ్చో, ఏది మర్చిపోయామో అక్కడే బయటపడుతుంది.

నేను విజయవాడ–గుంటూరు రైల్లో నెలరోజులు వీడియోలే చూశాను. అన్నీ అర్థమైనట్టే ఉండేది. ఇంటికొచ్చి కాగితం మీద పెడితే −3² దగ్గరే 9 అని రాసేశా! బ్రాకెట్ లేకపోతే అది −9. (−3)² అయితేనే 9.

గడువు ఎవరూ పెట్టరు కాబట్టి రోజుకిన్ని లెక్కలు అని మనమే పెట్టుకోవాలి. నాకు ఐదు. ఆదివారం బీసెంట్ రోడ్డులో తిరిగొచ్చినా సరే, ఐదే. తప్పు పోయిన లెక్కకి జవాబు చూసి ఊరుకోకుండా, మర్నాడు మళ్లీ మొదటినుంచి చేయండి. యూనిట్ టెస్ట్ పోయినా టెన్షన్ వద్దు, మళ్లీ రాయొచ్చు.