మీ బుర్రలో పుట్టిన వస్తువుకు పేటెంటు ఎలా తెచ్చుకోవాలి?

గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. సాయంత్రానికి వేళ్లు భగభగ మండుతాయి. ఆ చేతులతో ఇంటికెళ్లి పసిబిడ్డను ఎత్తుకోవడానికి కూడా జంకుతారు. తల్లి పడే ఆ బాధ చూసి ఒక కుర్రాడు తొడిమలు తీసే చిన్న మిషను చేశాడు. పట్టలేని సంతోషంతో అదే రోజు వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. పేటెంటు కోసం నా దగ్గరకు వచ్చింది ఎనిమిది నెలల తర్వాత. అప్పటికే ఆ మిషను లోకానికి తెలిసిపోయింది, చట్టం దృష్టిలో ఇక అది కొత్తది కాదు. సొంత వీడియోనే అతనికి అడ్డం పడింది.

అందుకే ముందుగా చెబుతున్నాను. దరఖాస్తు నంబరు చేతికి వచ్చేదాకా మీ ఆలోచనను వీడియోలో పెట్టకండి, అమ్మకండి, కాలేజీ ఫెస్టులో చూపించకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు "ఏడాది గడువుంటుంది కదా" అంటారు. అది అక్కడి చట్టం. మన దగ్గర మినహాయింపులు చాలా ఇరుకు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలో పెడితే 12 నెలల లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. యూట్యూబ్‌కు ఆ వెసులుబాటు లేదు.

ముందు, ఇది పేటెంటుకు పనికొస్తుందా?

వస్తువు కొత్తదై ఉండాలి, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు, తయారీకో వాడకానికో పనికిరావాలి. వట్టి ఆలోచన చాలదు, అది ఎలా పనిచేస్తుందో మీరు చెప్పగలగాలి. 1970 నాటి పేటెంట్ల చట్టం 3వ సెక్షన్‌ను తప్పక చదవండి, పేటెంటు ఇవ్వనివి అందులో ఉన్నాయి. సాగు పద్ధతికి పేటెంటు రాదు, సాగులో వాడే పనిముట్టుకు రావచ్చు. అమ్మమ్మల నాటి చిట్కాలకూ రాదు. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలు చూపించి పోరాడితే 1997లో అది రద్దయింది. వస్తువులో కొత్తదనమంతా ఆకారంలోనూ అందంలోనూ ఉంటే పేటెంటు కాదు, డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

తర్వాత వెతుకులాట

ఈ పనికి రెండు మూడు రోజులు కేటాయించండి. పేటెంట్లు వెతికే సైట్లలో పేటెంటు ఆఫీసు వారి ఇన్‌పాస్, గూగుల్ పేటెంట్స్ రెండూ ఉచితమే. ఒక్క మాటతో వెతికి వదిలేయకండి. తొడిమల మిషను కోసం మేం "చిల్లీ", "క్యాప్సికం", "పెప్పర్" అని ఒక వరుస, "స్టెమ్", "పెడిసెల్", "కేలిక్స్" అని ఇంకో వరుస రాసుకుని, వాటిని జతలు జతలుగా కలిపి వెతికాం. దొరికిన ప్రతి పేటెంటులో మొదటి క్లెయిము, అంటే తనకు దేని మీద హక్కు కావాలో ఆవిష్కర్త రాసిన వాక్యం, చదవండి, శీర్షిక చూసి బెదిరిపోకండి. మీ వస్తువుకూ దానికీ ఉన్న తేడాలు ఒక కాగితం మీద రాయండి. రేపు ఆఫీసుకు జవాబు రాసేటప్పుడు ఆ కాగితమే మీకు ఆధారం.

నమూనా లేకపోయినా దరఖాస్తు చేయవచ్చు, కానీ చేసి చూస్తేనే లోపాలు బయటపడతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్‌లోనో లేత్ పని చేయిస్తుంటే, బొమ్మలు చేతికిచ్చే ముందే గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకోండి. తెలిసినవాడే కదా అని మొహమాటపడవద్దు.

ప్రొవిజనల్ దరఖాస్తు

మన చట్టంలో ముందు దరఖాస్తు చేసినవారిదే ముందు వరుస. కాబట్టి వస్తువు పూర్తిగా నున్నగా తేలకపోయినా ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే వస్తువు గురించిన తాత్కాలిక వివరణ, వేసి తేదీ పట్టేయండి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు 1600 రూపాయలు. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ప్రొవిజనల్ వేసిన తేదీ నుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే క్లెయిములతో సహా పూర్తి వివరణ, వేయాలి, లేకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే. ప్రొవిజనల్‌లో రాయని విషయానికి ఆ పాత తేదీ వర్తించదు. అందుకే రెండు ముక్కలు రాసి సరిపెట్టకండి, తట్టిన ప్రతి మార్పునూ బొమ్మలతో సహా రాయండి.

పేటెంటుకు ప్రాణం క్లెయిములే

పక్కవాడు ఎక్కడిదాకా రాకూడదో గీసే సరిహద్దు క్లెయిము. ఆ కుర్రాడు తర్వాత మిషనుకు పాత వీడియోలో లేని ఒక పళ్లెం జోడించాడు, అది కాయల తొడిమలన్నిటినీ ఒకే వైపు తిప్పుతుంది. అతను రాసుకొచ్చిన మొదటి క్లెయిము ఇది: "2 మిల్లీమీటర్ల స్టీలు రేకుతో చేసిన, 30 డిగ్రీల వాలున్న పళ్లెం, రెండు రోలర్లు గల మిషను." ఇంకొకడు ప్లాస్టిక్ పళ్లెం 25 డిగ్రీల వాలులో పెడితే హాయిగా తప్పించుకుంటాడు. మార్చి రాశాం: "కాయల తొడిమలు ఒకే వైపు తిరిగేలా సర్దే వాలు పళ్లెం, దాని చివర, కాయ పట్టకుండా తొడిమ మాత్రమే దూరేంత ఎడంతో ఎదురెదురుగా తిరిగే రోలర్లు." స్టీలు, 30 డిగ్రీలు ఆ తర్వాతి క్లెయిముల్లోకి వెళ్లాయి. మిగతా ఖర్చు ఎంత తగ్గించుకున్నా ఇక్కడ మాత్రం రిజిస్టరైన పేటెంట్ ఏజెంటును పెట్టుకోండి. గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే దరఖాస్తు పనిలో సాయపడే నిపుణుడి (ఫెసిలిటేటర్) ఫీజు కేంద్రం పథకం కింద ప్రభుత్వమే భరిస్తుంది, దరఖాస్తు ఫీజు మీరు కట్టుకోవాలి. పల్లెటూళ్ల ఆవిష్కర్తలకు నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ తోడుంటుంది. పేటెంటు గ్యారంటీ అని ముందే డబ్బు అడిగేవారి గడప తొక్కకండి.

దరఖాస్తు పడ్డాక

18 నెలలకు దరఖాస్తు ప్రచురితమవుతుంది. దాన్ని పరీక్షించమని మీరే విడిగా ఫారం 18 వేయాలి, వ్యక్తులకు ఫీజు 4000. 2024 సవరణ తర్వాత దీని గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. వాళ్లే చూస్తారులే అని కూర్చుని దరఖాస్తు పోగొట్టుకున్నవారు ఉన్నారు, క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకోండి.

ఆ తర్వాత మొదటి పరీక్షా నివేదిక వస్తుంది. అందులో అభ్యంతరాలు ఉండటం మామూలే, దాన్ని తిరస్కరణ అనుకోకండి. ఆరు నెలల్లో జవాబివ్వాలి, అడిగితే ఇంకో మూడు నెలలు ఇస్తారు. పేటెంటు వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు మీది, మూడో ఏడాది నుంచి రెన్యువల్ ఫీజు కడుతూ ఉంటేనే. అది చెల్లేది మన దేశంలోనే. విదేశాల్లో కావాలంటే మొదటి దరఖాస్తు నుంచి 12 నెలల్లో పీసీటీ, అంటే ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో పేటెంటు కోరే అంతర్జాతీయ ఒప్పందం, దారి పట్టండి.

ఆ కుర్రాడి పళ్లెం సంగతి చెప్పాలి. కాయను ఎటు జార్చితే తొడిమ ముందుకొస్తుందో కనిపెట్టింది వాళ్లమ్మ, ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్న మనిషి. కాబట్టి దరఖాస్తులో ఆవిష్కర్తగా, దరఖాస్తుదారుగా ఆమె పేరూ రాయించాం. దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉంటే త్వరిత పరీక్ష కోరే ఫారం 18ఏ వేయవచ్చు, అదీ వేశాం. దరఖాస్తు నంబరు వచ్చిన మర్నాడు తల్లీకొడుకులు కలిసి పళ్లెం వీడియో తీశారు.