డిగ్రీ విద్యార్థులకు కార్మిక సంబంధాల బోధన: రైస్‌మిల్లు చర్చల అభ్యాసం

గోదావరి డెల్టాలోని కళాశాలల్లో బీబీఏ, బీకాం విద్యార్థులకు కార్మిక సంబంధాలు చెప్పేవారు నిర్వచనాలతో కాక, ఒక వివాదంతో పాఠం మొదలుపెట్టడం మేలు. దాళ్వా (రబీ) ధాన్యం మిల్లుకు చేరే రోజుల్లో, జట్టుగా బస్తాలు మోసే ముఠా కార్మికులు బస్తా కూలి పెంచమని అడిగిన సందర్భాన్ని కల్పించి, తరగతిని యాజమాన్యం, ముఠా, రాజీ అధికారి అనే మూడు పక్షాలుగా విడదీయండి. మిల్లు యజమానుల పిల్లలూ ముఠా కార్మికుల పిల్లలూ ఒకే తరగతిలో ఉండవచ్చు కాబట్టి ఎవరి ఇంటి వృత్తినీ అడగకుండా, రెండో విడతలో పక్షాలను తారుమారు చేయండి. అప్పుడు ప్రతి విద్యార్థీ రెండు వైపులా వాదించవలసి వస్తుంది.

ప్రతి పక్షానికీ రెండోవారికి తెలియని సమాచారపత్రం ఒకటి ఇవ్వాలి. యాజమాన్యం పత్రంలో మర పట్టించే ఆదాయం, కరెంటు బిల్లు, బ్యాంకు అప్పు ఉంటే, ముఠా పత్రంలో బస్తా బరువు, ముఠాను నడిపే మేస్త్రీ వాటా, లారీ రాకపోవడంతో ఖాళీగా గడిచిన రోజులు ఉండాలి. విద్యార్థులు మొదట రేటు మీదే పట్టుబడతారు. తొందరపడి సరిదిద్దకండి. ఖాళీ రోజుల లెక్క వేసినప్పుడు, బస్తాకు రూపాయి పెంచడం కన్నా పని లేని రోజుకు కనీస కూలి, నడుము దెబ్బతింటే వైద్యఖర్చు అడగడమే కార్మికునికి ఎక్కువ మేలని వారే గ్రహిస్తారు. ఈ పాఠానికి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

వాదన సాగుతుండగా యాజమాన్య పక్షం తప్పక "వీళ్లు మేస్త్రీ మనుషులు, మా రిజిస్టరులో లేరు" అంటుంది. చట్టాన్ని ప్రవేశపెట్టవలసిన సమయం అదే. కాలికట్‌లోని తాళ్ల కర్మాగారానికి సంబంధించిన హుస్సేన్‌భాయి కేసులో, 1978లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ మధ్యలోని కాంట్రాక్టరు అనే తెరను తొలగించి, ఎవరి వ్యాపారం కోసం శ్రమ జరుగుతున్నదో వారే అసలు యజమాని అన్నారు. ఆ తీర్పుతో రెండు పక్షాలనూ వాదించనివ్వండి.

పాత పాఠ్యపుస్తకాలు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దగ్గరే ఆగిపోతాయి. దాని స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనీ, సగం మంది లేదా అంతకు మించి కూడబలుక్కొని ఒకే రోజు క్యాజువల్ సెలవు పెట్టినా సమ్మెగానే లెక్క అనీ, ఒకటికి మించి సంఘాలున్నచోట 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో మాట్లాడే చర్చల సంఘం అవుతుందనీ చెప్పి, ఈ నిబంధనలు ముఠా ఎత్తుగడను ఎలా మారుస్తాయో అడగండి.

చివరగా ఒప్పందపత్రం రాయించి, దాన్ని మరో సెక్షను విద్యార్థులకు ఇవ్వండి. అర్ధరాత్రి వచ్చిన లారీకి ఏ రేటో, తడిసిన బస్తా లెక్క ఏమిటో వారు ఆ పత్రం చూసే చెప్పగలగాలి. ఎక్కువ రూపాయలు రాబట్టిన పక్షానికి కాక, ఒకే అర్థం వచ్చే నిబంధనలు రాసిన పక్షానికి మార్కులు వేయండి.