నాన్నగారి జీవితాన్ని రాసి పెట్టుకోవడం ఎలా

చిన్న ఊళ్లో కొట్టు నడుపుకొనో, మిల్లులో గుమాస్తాగా పనిచేసో, మగ్గం నేసో ఇంటిల్లిపాదినీ పోషించి వెళ్లిపోయిన తండ్రి గురించి రాయడానికి కూర్చుంటే, దాదాపు అందరమూ మొదట రాసే వాక్యం "ఎంతో కష్టపడి మమ్మల్ని పెంచి పెద్దచేశారు" అన్నదే. ఆ మాటలో అబద్ధమేమీ లేదు గాని, అది ఏ ఇంటి పెద్దకర్మ కార్డు మీదనైనా అచ్చువేయగల మాట. రేపల్లెలో 38 ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మా నాన్నగారి గురించి, ఆయన సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం రాసినప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను. కష్టం అన్న మాట రాయబోయిన ప్రతిచోటా ఆ మాటను ఆపి, ఆ పని తెల్లవారి ఎన్నింటికి మొదలయ్యేది, ఎంత బరువు ఎత్తేది, ఎంత సొమ్ము మిగిల్చేది, దాన్ని కళ్లారా చూసినవారు ఎవరు అన్నవి రాయాలన్నదే ఆ నియమం. కింద చెప్పే పద్ధతి అంతా దాని నుంచి వచ్చిందే.

ఇంట్లో గాని, ఆయన పనిచేసిన చోట గాని 80 దాటినవారు ఎవరైనా ఉంటే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు వారి దగ్గరికి వెళ్లండి. అంత వయసువారు లేకపోతే కాగితాలతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఏం అడగాలో మనకు నేర్పేవి అవే. చిట్టాలు, ఖాతా పుస్తకాలు, దస్తావేజులు, పాత రేషన్ కార్డు, బీమా పాలసీలు, శుభలేఖలు, బీరువా పైఅరలోని సంచీతో సహా అన్నీ కిందికి దించండి. పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్ ఒక్కదాన్నే నమ్మవద్దు. ఆ తరం పిల్లలకు బడిలో చేర్చుకునే వయసు సరిపోయేలా పంతులుగారే ఒక తేదీ వేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. జాతకం ఉంటే దానితో సరిచూడండి. స్థలాలూ పొలాలూ ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు తాకట్టు పెట్టారో తెలియాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ప్రామిసరీ నోటు. దాని కాలపరిమితి మూడేళ్లు కాబట్టి, గడువు దాటకముందే కొంత సొమ్ము కట్టి, ఆ సంగతిని తేదీతో నోటు వెనక చెల్లుగా రాసి గడువు పొడిగించుకోవడం మన ఊళ్లలో ఆనవాయితీ. బాకీ మొత్తం తీరాక నోటు అప్పు తీసుకున్నవారి చేతికే తిరిగి వస్తుంది గనుక అలాంటివి ఇంట్లోనే దొరుకుతాయి. మాకు దొరికిన ఒక నోటు వెనక నాలుగు చెల్లులు ఉన్నాయి. అది మా పెద్దక్క పెళ్లికి తెచ్చిన అప్పు. నాలుగో చెల్లు పడేనాటికి ఆమె కొడుకు బడికి వెళుతున్నాడు. ఆ తేదీలను వరసగా రాసి, పక్కన ఆయా సంవత్సరాల్లో ఇంట్లో జరిగినవి రాస్తే చాలు, వ్యాఖ్య అవసరం లేదు.

జ్ఞాపకాలకు తేదీలు కుదరనప్పుడు ఊరంతటికీ తెలిసిన సంఘటనలను గుంజలుగా పాతుకోవాలి. మా వైపు అయితే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, 1990 మే తుఫాను, 1980, 1992, 2004, 2016 కృష్ణా పుష్కరాలు ఉన్నాయి. గోదావరి వైపు 1986 ఆగస్టు వరద, తెలంగాణలో 1969 ఉద్యమం, కర్నూలులో 2009 అక్టోబరు వరద అలాంటివే. "మీరు కొట్టులో చేరింది ఏ సంవత్సరం?" అంటే తెల్లమొహం వేసే పెద్దాయన, "ఉప్పెనకు ముందా, తరవాతా?" అంటే తడుముకోకుండా చెబుతాడు.

మా నాన్నగారి 1977 చిట్టాలో నవంబరు 19 తరవాత తొమ్మిది రోజులు ఖాళీగా ఉన్నాయి. పదో రోజు పేజీలో పేర్లు ఉన్నాయి, వాటి ఎదుట బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు అని ఉంది, రేట్లు మాత్రం లేవు. ఆ పేజీ చూపించి అమ్మను అడిగితే, "రేటు వేస్తే బాకీ అవుతుంది కదరా" అంది. ఈ ఒక్క పేజీ గురించి నేను పుస్తకంలో నాలుగు పుటలు రాశాను. మీకు కూడా ఇలాంటి పేజీ ఒకటి దొరుకుతుంది. దొరికినప్పుడు మిగతా ప్రకరణాలు చిన్నవైపోతాయేమోనని సందేహించకుండా అక్కడే ఆగి విస్తారంగా రాయండి.

ఇక మనుషులను అడగడం. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడండీ" అన్న జవాబు వస్తుంది, అక్కడితో మాట అయిపోతుంది. పనిని గురించి అడగండి. బస్తాలు దించిన హమాలీని నేను, కూలి ఎలా లెక్కకట్టేవారని అడిగాను. బస్తాకు ఇంతని ఉండేదని, వాన రోజున మాత్రం తడిసిన గోతాం బరువెక్కుతుందని నాన్నగారు అడగకుండానే బస్తాకు పావలా కలిపి ఇచ్చేవారని చెప్పాడు. ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి, లేకపోతే దాని హోరులో సగం మాటలు పోతాయి. రికార్డు చేస్తున్నట్లు ముందే చెప్పండి. ఆ ఫైలుకు తేదీ, మనిషి పేరు పెట్టి ఇంకొక తోబుట్టువు దగ్గర కూడా ఒక ప్రతి ఉంచండి.

ఇంత సామగ్రి చేరాక, పుట్టుక నుంచి కాక, ఒక మామూలు రోజు నుంచి రాయడం మొదలుపెట్టండి. పండుగ రోజు, పెళ్లి రోజు వద్దు. నాలుగున్నరకు లేవడం, సరుకు తేవలసిన రోజైతే తెనాలి వెళ్లే మొదటి రైలు అందుకోవడం, మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గరే కూర్చుని క్యారియరులో అన్నం తినడం, రాత్రి కొట్టు కట్టేశాక చిల్లర లెక్కపెట్టి చిట్టా రాయడం, వీటన్నిటినీ గడియారం పట్టుకుని రాయాలి. పాత పద్దుల్లో వీశలనే పాత తూకాలు, అణాలు కనిపిస్తే అలాగే ఉంచి, 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు రాకముందు రూపాయికి 16 అణాలని, బేడ అంటే రెండు అణాలని ఒక్క వాక్యంలో చెప్పండి; డల్లాస్‌లో పెరుగుతున్న మనవరాలికి ఆ వాక్యం కావాలి.

ఆ రోజును రాస్తున్నప్పుడే అమ్మ పని బయటపడుతుంది, దాన్ని దాటిపోకండి. మా కొట్టులో అమ్మిన ప్రతి మిరపకాయ తొడిమా రాత్రిపూట అమ్మ తీసినదే, పోపుదినుసుల పొట్లాలు ఆమె కట్టినవే. ఏ పద్దులోనూ ఆమె పేరు లేదు. పుస్తకాన్ని ఆయన పేరుతో రాసినా, ఆమె చేసిన పని ఎన్ని గంటలో లెక్క కట్టి రాయడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

నొప్పి కలిగించే విషయాలనూ రాయాలి. మా చిన్నక్కకు ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినా నాన్నగారు పై చదువుకు పంపలేదు. దాన్ని నేను సమర్థించలేదు, ఆక్షేపించలేదు. ఆ పుట రాయమని అక్కనే అడిగాను, ఆమె రాసిచ్చిన దానిలో ఒక్క అక్షరం మార్చలేదు. అరువు ఎగవేసినవారి పేర్లు మాత్రం ఎక్కడా రాయవద్దు, వారి పిల్లలు ఆ ఊళ్లోనే ఉంటారు.

ఫొటోలను ఆల్బం నుంచి పీకితే చిరుగుతాయి. పేజీని ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసుకోండి. విడి ఫొటోల వెనక పేర్లు మెత్తని పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా ముందువైపుకు దిగుతుంది. పాత కాగితాలకు లామినేషన్ చేయించకండి.

అచ్చువేయించేటప్పుడు చివర పది తెల్ల పుటలు వదలండి. సంవత్సరీకం నాడు భోజనాలకు ముందు ఆ మామూలు రోజును పైకి చదివించి, పుస్తకాన్నీ ఒక పెన్నునూ చాప మీద పెట్టండి. మా ఇంట్లో మొదట ముందుకు వచ్చి కూర్చున్నది ఆ హమాలీ. రాయడం రాదని మనవడి చేత రాయించాడు. నేను నాలుగున్నర అని రాసిన చోట, సరుకు వచ్చే రోజున అయ్యగారు నాలుగింటికే కొట్టు తీసేవారని సరిదిద్దాడు.