ఖర్చు మీద పది శాతం

మా ఇంటి కింది అంతస్తు కట్టడానికి కాంట్రాక్టరుతో రాసుకున్నది ఒక్క ముక్కే: అయిన ఖర్చు, దాని మీద పది శాతం. ఖర్చు పెరిగే కొద్దీ ఆయన వాటా కూడా పెరుగుతుందన్న సంగతి స్లాబు వేసేదాకా నాకు తట్టలేదు!

పై అంతస్తుకి కాగితం మార్చాం. శాతం తీసేసి, ఇంత అని ఫీజు ఖాయం చేసుకున్నాం. మొత్తం ఖర్చుకి ఒక పరిమితి. దాటాలంటే ముందు నా సంతకం. అసలు పేచీ అంతా ‘ఖర్చు’ అంటే ఏమిటన్న దగ్గరే వచ్చింది. సిమెంటు, ఇసుక, కూలి, సెంట్రింగ్ (స్లాబు పోసేటప్పుడు కింద ఆనించే చెక్కలు, రేకులు) అద్దె నావి. ఆయన బండి పెట్రోలు, తప్పు కట్టి పగలగొట్టిన గోడ ఆయనవి. బిల్లులన్నీ నా పేరు మీదే. ఇనుము కాటా చీటీతోనే దిగాలి: 12 ఎంఎం చువ్వ, 12 మీటర్లది, దాదాపు 10.7 కిలోలు తూగాలి. గోడ మాట దగ్గర ముఖం చిట్లించినా, సంతకం మాత్రం పెట్టారు.