క్లయింట్ కోడ్ క్లోన్ చేసేముందు చూసుకోవాల్సిన సెట్టింగులు

కొత్త ప్రాజెక్టులో చేరుతున్నవాళ్లు, కొత్త ల్యాప్‌టాప్ అందుకున్నవాళ్లు రిపో (ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోటు) దించుకునేలోపే, కోడ్, వాడకం వివరాలు బయటికి పోకుండా ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు ఏఐ అసిస్టెంట్. ఎడిటర్‌లో టెలిమెట్రీ (వాడకం వివరాల్ని తయారీదారుకి పంపే ఏర్పాటు) ఆపేసినా, సలహాలివ్వడానికి అది మీ కోడ్ ముక్కల్ని సర్వర్‌కి పంపుతూనే ఉంటుంది. సొంత ఖాతాతో లాగిన్ అయి ఉంటే కంపెనీ పెట్టిన కట్టడులు దానికి వర్తించకపోవచ్చు. ఆఫీసు ఖాతాకి మారండి. మీ కోడ్‌ని మోడల్ శిక్షణకి వాడుకునే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. బయటికెళ్లిన కోడ్‌ని వెనక్కి తెచ్చుకోలేం.

• వీఎస్ కోడ్ ఎడిటర్‌లో టెలిమెట్రీ లెవెల్ ‘ఆఫ్’లో పెట్టండి. ‘ఎర్రర్’ దగ్గర ఆగితే క్రాష్, ఎర్రర్ రిపోర్టులు వెళ్తూనే ఉంటాయి.

• ఎక్స్‌టెన్షన్ల లెక్క వేరు. ఈ సెట్టింగుని పట్టించుకోనివీ ఉంటాయి. వాడనివి తీసేయడమే మేలు.

• డాట్‌నెట్ ఎస్‌డీకే (మైక్రోసాఫ్ట్ డెవలపర్ టూల్స్) వేసేముందే టెలిమెట్రీ వద్దని చెప్పే ఆప్ట్‌అవుట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టండి. ఇన్‌స్టాల్ అవ్వగానే ఆ కబురు వెళ్లిపోతుంది, తర్వాత పెడితే ఆ తర్వాతివే ఆగుతాయి.

• మ్యాక్‌లో టూల్స్ వేసుకోవడానికి వాడే హోమ్‌బ్రూలో అనలిటిక్స్ (వాడకం లెక్కలు పంపడం) ఆపడానికి ఒక్క కమాండ్ చాలు.

• గో ప్రోగ్రామింగ్ భాష 1.23 వెర్షన్‌తో మాత్రం పేచీ లేదు. మీరు టెలిమెట్రీ ‘ఆన్’ చేసేదాకా వాడకం లెక్కలన్నీ మీ మెషీన్‌లోనే ఉంటాయి. మిగతా టూల్స్ కూడా ఇలాగే ఉంటే బాగుండేది.